మునిగే నేలకు క్రయపత్రం: వాతావరణ చర్చల్లో క్రైస్తవ నిరీక్షణపై ఒక సంవాదం

1992లో రియో డి జనీరోలో సంతకాలకు తెరిచిన ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒడంబడికలో చేరిన దేశాలు 1995లో బెర్లిన్‌లో తొలిసారి సమావేశమయ్యాయి. అప్పటి నుంచి దాదాపు ప్రతి ఏటా జరుగుతున్న ఈ సభలను, వాటి ఆంగ్ల నామంలోని తొలి అక్షరాలను కలిపి, కాప్ అని పిలుస్తున్నారు. ప్రభుత్వాల ప్రతినిధులతో పాటు పరిశీలకుల హోదాలో క్రైస్తవ సంఘాలు కూడా తొలినాళ్ల నుంచీ అక్కడ ఉన్నాయి. ప్రార్థనలు చేశాయి, ఊరేగింపులు జరిపాయి, ప్రకటనలు వెలువరించాయి, వాటన్నిటిలోనూ నిరీక్షణ గురించి మాట్లాడాయి. ఇంకా కంటికి కనబడని దానిని దేవుని వాగ్దానం మీద నమ్మకంతో ఎదురుచూడటాన్ని తెలుగు క్రైస్తవులు నిరీక్షణ అంటారు. అంకెలు, గడువులు, చెల్లింపులు నిర్ణయించే సభలో ఆ నిరీక్షణకు చోటు ఉందా, ఉంటే అది బాధితులకు మేలు చేస్తోందా, లేక బాధ్యులకు ఊరట కలిగిస్తోందా అన్నది ఈ సంవాదానికి విషయం. అంతర్జాతీయ పర్యావరణ న్యాయం బోధించే ఒక న్యాయవాది, వేదాంత కళాశాలలో పాత నిబంధన బోధించే ఒక పాస్టరు అయ్యగారు ఇందులో వాదులు. వీరు వాదం కోసం నిలబెట్టిన పాత్రలే గాని, వీరి వాదాలు సంఘాల లోపలా బయటా నిజంగా వినబడుతున్నవే. శాస్త్ర సంప్రదాయంలో మొదట నిలిచేది పూర్వపక్షం, అంటే ఆక్షేపించేవారి వాదం, కాబట్టి న్యాయవాది మాటతోనే మొదలుపెట్టడం ఉచితం.

న్యాయవాది: అయ్యగారూ, ఆ చర్చలు నడిచే తీరు తెలిస్తే గాని అక్కడ నిరీక్షణ చేసే పని తెలియదు. ఓటింగు ఎలా జరగాలో చెప్పే నియమం 1995 నుంచి నేటి వరకూ ఆమోదం పొందలేదు. అందువల్ల ప్రతి నిర్ణయమూ ఏకాభిప్రాయంతో, అంటే ఏ దేశమూ బాహాటంగా అడ్డు చెప్పని స్థితిలో, వెలువడాలి. ముసాయిదాలో ఒప్పుదల కుదరని మాటలను బ్రాకెట్లలో ఉంచుతారు. చివరి రాత్రి ఆ బ్రాకెట్లను ఒక్కొక్కటిగా తీసివేస్తున్నప్పుడు వాటితో పాటు మాటలోని బలం కూడా తరచుగా పోతుంది. 2021లో గ్లాస్గో సభ చివరి గంటల్లో బొగ్గు విద్యుత్తును దశలవారీగా నిలిపివేయడం అన్నది దశలవారీగా తగ్గించడంగా మారింది, ఆ సవరణను సభలో చదివినది భారత మంత్రి. 2015 పారిస్ ఒప్పందం ఎనిమిదో అధికరణంలో నష్టం, హాని అనే అంశానికి, అంటే ఎంత సర్దుకున్నా తప్పించలేని విధ్వంసానికి, చోటు దొరికింది. కాని దానితో పాటే ఆమోదించిన నిర్ణయంలో, ఆ అధికరణం ఎవరి మీదా బాధ్యతకు గాని పరిహారానికి గాని ఆధారం కాదని రాసుకున్నారు. ఇంత జరిగిన తర్వాత ముగింపు ప్రసంగాల్లో వినబడేది ఆశ. ఈ ఏడు దక్కనిది వచ్చే ఏడు దక్కుతుందన్న ఆ మాట అప్పు తీర్చవలసినవాడికి మరో వాయిదా ఇస్తున్నది. సంఘాలు అదే మాటను దేవుని పేరుతో పలికితే ఆ వాయిదాకు పవిత్రత కూడా తోడవుతుంది.

ఈ ఆక్షేపణ పదునైనది, దీనికి సంఘాల చరిత్రలోనే సాక్ష్యం ఉంది. 2009 డిసెంబరు 13, ఆదివారం నాడు, కోపెన్‌హేగన్ సభ జరుగుతుండగా, ప్రపంచ క్రైస్తవ సంఘాల మండలి పిలుపుతో అనేక దేశాల చర్చిల్లో గంటలు 350 సార్లు మోగాయి. వాతావరణంలోని ప్రతి పది లక్షల అణువుల్లో కార్బన్ డయాక్సైడ్ 350ని మించకపోతేనే క్షేమమన్న శాస్త్రజ్ఞుల లెక్కకు ఆ సంఖ్య గుర్తు. అదే రోజు కోపెన్‌హేగన్ లూథరన్ ప్రధాన దేవాలయంలో కాంటర్బరీ ఆర్చిబిషప్ రోవన్ విలియమ్స్ ప్రసంగిస్తూ, యోహాను మొదటి పత్రికను ఆధారం చేసుకుని, భయంతో కాక ప్రేమతో నిర్ణయాలు తీసుకోవాలని కోరారు. వారం తిరగకముందే సభ చీలిపోయింది. కొన్ని దేశాలు కుదుర్చుకున్న పత్రాన్ని సభ ఆమోదించలేక, గమనించినట్టు మాత్రమే నమోదు చేసింది. అప్పటికే 385 దాటిన ఆ అంకె నేడు 420ని మించిపోయింది.

అయ్యగారు: గంటలు ఓడిపోయాయన్నది నిజమేనమ్మా, దానిని కప్పిపుచ్చవలసిన అవసరం విశ్వాసానికి లేదు. అయితే ఓడిపోయినది ఒక అంచనా. పరిస్థితులు చక్కబడతాయని లెక్క వేయడం ఆశావాదం. లెక్కలన్నీ తలకిందులైన చోట కూడా వాగ్దానానికి కట్టుబడి ప్రవర్తించడం నిరీక్షణ. యిర్మీయా గ్రంథంలో ఈ రెండూ ఎదురెదురుగా నిలబడతాయి. బబులోను కాడి రెండేళ్లలో విరిగిపోతుందని, దోచుకుపోయిన ఆలయ పాత్రలు తిరిగి వస్తాయని హనన్యా ప్రకటించాడు; జనానికి అది హితవుగా వినబడింది, గ్రంథం మాత్రం అతనిని అబద్ధ ప్రవక్తగా తేల్చింది. నగరం కూలిపోతుందని చెప్పి చెరలో పడిన యిర్మీయా, ముట్టడి దిబ్బలు గోడలను తాకుతున్న వేళ, శత్రువుల చేతికి పోయిన అనాతోతులో ఒక పొలం కొన్నాడు. పదిహేడు తులాల వెండి తూచి ఇచ్చాడు, సాక్షుల ఎదుట క్రయపత్రం రాయించాడు, ముద్ర వేసిన ప్రతిని, వేయని ప్రతిని మట్టికుండలో భద్రపరచమని తన లేఖకుడు బారూకుకు అప్పగించాడు. ధర, సాక్షులు, రెండు ప్రతులు, భద్రపరిచే చోటు, ఇవన్నీ న్యాయశాస్త్రం అడిగేవే. బైబిలు చూపే నిరీక్షణకు ఇంతకంటే స్పష్టమైన రూపం దొరకదు. హనన్యా మాట చెప్పాడు, యిర్మీయా సొమ్ము చెల్లించాడు. కాప్ ముగింపు ప్రసంగాల్లో వినబడే ఆశ హనన్యాది. దానిని ఖండించవలసిన వారిలో సంఘం ముందుండాలి.

న్యాయవాది: హనన్యాలు ప్రభుత్వాల్లోనే కాదు, ప్రసంగ వేదికల మీద కూడా ఉన్నారు. అమెరికాలో కార్న్‌వాల్ అలయన్స్ అనే క్రైస్తవ సంస్థ 2009లో ఒక ప్రకటన చేసింది: దేవుడు తన జ్ఞానంతో ఏర్పరచిన భూమి దృఢమైనదనీ, మానవ చర్యలు దానిని ప్రమాదకరంగా మార్చలేవనీ అందులో వాదించారు. అంతకంటే బాధ కలిగించేది తువాలు. పసిఫిక్ మహాసముద్రంలో సముద్ర మట్టానికి అయిదు మీటర్ల ఎత్తుకూడా లేని పగడపు దీవుల మీద పదకొండు వేల మంది బతుకుతున్న ఆ దేశంలో దాదాపు అందరూ క్రైస్తవులే. భూమిని మళ్లీ జలప్రళయంతో నాశనం చేయనని దేవుడు నోవహుతో చేసిన నిబంధనను, అంటే ఆయన తనంతట తాను కట్టుబడిన ఒప్పందాన్ని, గుర్తుచేసుకుని అక్కడ ఎందరో పెద్దలు సముద్రం తమను ముంచదని నమ్మారు. ఇంద్రధనుస్సును చూపించి జనాన్ని నిశ్చింతగా ఉండమన్న బోధ వారికి మేలు చేసిందని ఎవరు చెప్పగలరు?

అయ్యగారు: ఆ బోధ తప్పు, దానిని తప్పని మొదట గట్టిగా చెప్పినవారు పసిఫిక్ సంఘాలవారే. 2004లో కిరిబాటిలో సమావేశమైన ఆ సంఘాలు వెలువరించిన ఒతిన్ తాయ్ ప్రకటన వాతావరణ మార్పు మనుషుల చేతలవల్ల కలిగినదని అంగీకరించి, ప్రపంచంలోని తోటి సంఘాలను కార్యాచరణకు పిలిచింది. ఆదికాండంలో ఆ నిబంధన దేవునిని బంధిస్తుంది గాని సముద్రాన్ని పెంచే మనుషులకు రక్షణపత్రం ఇవ్వదు. పైగా అది నోవహు కుటుంబంతో మాత్రమే కాక సమస్త జీవరాశితో చేసినదని అక్కడే ఉంది, కాబట్టి ఆ జీవరాశిని అంతం చేసేవాడు నిబంధన భంగానికి పాల్పడుతున్నాడు. శాస్త్రాన్ని కాదన్న క్రైస్తవులను చూపినప్పుడు జాన్ హౌటన్‌ను కూడా చూపాలి. వాతావరణ మార్పులపై అంతర్ ప్రభుత్వ సంఘంలో భౌతిక శాస్త్ర విభాగానికి సారథ్యం వహించి, 1990, 1995, 2001 నివేదికలను వెలువరించిన ఆ వెల్ష్ శాస్త్రజ్ఞుడు దృఢమైన క్రైస్తవ విశ్వాసి. ఉష్ణోగ్రతల లెక్కను సత్యంగా చెప్పడం ఆయన విశ్వాసానికి అడ్డు కాలేదు.

హౌటన్ ఉదాహరణ విశ్వాసానికీ శాస్త్రానికీ పొత్తు సాధ్యమని రుజువు చేస్తుంది గాని, చర్చల గదిలో నిరీక్షణ ఉపయోగాన్ని రుజువు చేయదు. న్యాయవాది ఆ లోపాన్ని గుర్తించి, వాదాన్ని తిరిగి యిర్మీయా పొలం దగ్గరకే తీసుకువచ్చింది. సంవాదం మొత్తానికి ఇదే కీలకమైన ఘట్టం.

న్యాయవాది: అనాతోతు పొలాన్ని బబులోను సైన్యం తొక్కివేయగలదు, దున్నకుండా ఆపగలదు, కాని ఎత్తుకుపోలేదు. సైన్యం వెళ్లిపోయిన తర్వాత నేల అక్కడే ఉంటుంది, పత్రం చెల్లుతుంది. తువాలులో పోయేది నేలే. ఉప్పునీరు పులక గుంటల్లోకి, అంటే అక్కడివారు దుంపపంట పండించే గోతుల్లోకి, ఇప్పటికే చేరుతున్నది. నేల లేని చోట క్రయపత్రం దేనికి? రాజ్యానికి భూభాగం ఉండాలన్నది అంతర్జాతీయ న్యాయంలో పాత సూత్రం. 1933 మాంటెవిడియో ఒప్పందం రాజ్యానికి చెప్పిన నాలుగు లక్షణాల్లో అది ఒకటి. యిర్మీయా ఉపమానం ఇక్కడ తెగిపోతున్నది, అయ్యగారూ.

అయ్యగారు: ఆ తెగిన చోటనే తువాలువారు ఏం చేశారో చూడవలసి ఉందమ్మా. 2023లో అమలులోకి వచ్చిన వారి రాజ్యాంగం, వాతావరణ మార్పువల్ల నేల పోయినా తమ రాజ్యత్వం శాశ్వతంగా నిలిచే ఉంటుందని ప్రకటించింది. ఆ ఏడాది నవంబరులో ఆస్ట్రేలియాతో సంతకం చేసిన ఫలెపిలి ఒప్పందం కూడా సముద్ర మట్టం పెరిగినా తువాలు రాజ్యత్వం కొనసాగుతుందని గుర్తించింది. ముట్టడిలో ఉన్న నగరంలో పత్రం రాయించడానికీ, మునుగుతున్న దీవి మీద ఇలాంటి రాజ్యాంగం రాయడానికీ స్వభావంలో తేడా కనబడదు. నేల దక్కుతుందన్న భరోసా వారికి లేదు. హక్కును మాత్రం వదులుకోలేదు. యిర్మీయా కూడా ఆ పొలాన్ని తాను దున్నుతానని చెప్పలేదు.

న్యాయవాది: అది న్యాయ నిపుణుల రచన, విశ్వాస ప్రకటన అనడం తొందరపాటు. ఫలెపిలి ఒప్పందంలో రెండో ముఖం కూడా ఉంది: ఏటా 280 మందికి ఆస్ట్రేలియాలో స్థిరపడే వీలు కల్పించినందుకు బదులుగా, తువాలు మరో దేశంతో చేసుకునే భద్రతా ఒప్పందాలకు ఆస్ట్రేలియా సమ్మతి కావాలి. 2025లో తొలి విడత వీసా లాటరీకి ఆ దేశ జనాభాలో మూడో వంతుకు మించి పేర్లు నమోదయ్యాయి. నిరీక్షణను రాజ్యాంగంలో రాసుకున్న ప్రజలే ప్రయాణానికి కూడా పేర్లు రాయించుకున్నారు.

ఇంతవరకూ వచ్చిన వాదంలో న్యాయవాది ఒక విషయాన్ని దాటవేసింది. తువాలు రాజ్యాంగం క్రైస్తవ సూత్రాలను తన పునాదుల్లో ఒకటిగా చెప్పుకుంటుంది కాబట్టి, న్యాయరచననూ విశ్వాసాన్నీ ఆ దేశం విషయంలో వేరు చేయడం అంత సులభం కాదు. అయ్యగారు దానిని పట్టుకుని గెలుపు చాటుకోలేదు. అప్పుల విషయానికి మళ్లారు.

అయ్యగారు: చర్చల్లో తెగని ముడి డబ్బు. పెరిగే సముద్రంవల్ల కలిగే నష్టానికి అంతర్జాతీయ బీమా నిధి ఉండాలని చిన్న దీవుల కూటమి తరఫున వనువాటు 1991లో ప్రతిపాదించింది. నష్టాలకూ హానికీ నిధి పెట్టాలని దేశాలు ఒప్పుకొన్నది 2022లో, ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్‌లో. ఆ ముప్పై ఒక్క ఏళ్ల మధ్యలో, 2013లో, వార్సా సభ ప్రారంభానికి మూడు రోజుల ముందు హైయాన్ తుపాను ఫిలిప్పీన్స్‌లో ఆరు వేల మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ దేశ ప్రతినిధి యెబ్ సానో, కాథలిక్ విశ్వాసి, సభ ముగిసేవరకు ఉపవాసం ఉంటానని ప్రకటించి అలాగే ఉన్నాడు; రెండేళ్ల తర్వాత రోము నుంచి పారిస్ దాకా నడిచాడు. ఉపవాసం బైబిలు ప్రకారం దుఃఖానికీ విన్నపానికీ రూపం, సభామర్యాదల భాష చెప్పలేనిదానిని అది శరీరంతో చెప్తుంది. దుఃఖించకుండా నేరుగా నిరీక్షణకు దాటే మార్గాన్ని కీర్తనల గ్రంథం ఎక్కడా చూపదు. సృష్టి అంతా ప్రసవవేదన పడుతున్నదని రోమీయులకు రాసిన పత్రికలో పౌలు అంటున్నప్పుడు కూడా నిరీక్షణ, మూలుగు ఒకే వాక్యధారలో ఉన్నాయి.

న్యాయవాది: సానో ఉపవాసం గౌరవించదగినదే. ఆ సభలో ఏర్పడిన వార్సా యంత్రాంగం మాత్రం నష్టాలను అధ్యయనం చేసే వేదికగా మిగిలింది, దానికి నిధి లేదు. 2023లో దుబాయిలో కొత్త నిధికి వచ్చిన వాగ్దానాలు దాదాపు 70 కోట్ల డాలర్లు. అవసరంతో పోలిస్తే అవి ఏ మూలకూ చాలవు. 2024లో బాకు సభ, వర్ధమాన దేశాలు ఏటా లక్షా ముప్పై వేల కోట్ల డాలర్లు కావాలంటుండగా, 2035 నాటికి ఏటా ముప్పై వేల కోట్ల డాలర్లు సమకూర్చడానికి సంపన్న దేశాలు ముందుండాలని మాత్రమే నిర్ణయించింది. అందులో అప్పులు కూడా లెక్కకు వస్తాయి. నిర్ణయం ప్రకటించగానే భారత ప్రతినిధి లేచి అభ్యంతరం చెప్పవలసి వచ్చింది. అన్ని దేశాలకూ బాధ్యత ఉమ్మడిదే అయినా చరిత్రను, స్తోమతను బట్టి దాని బరువు వేరువేరుగా ఉండాలన్నది 1992 ఒడంబడిక మూలసూత్రం. 2015 మేలో ఆంధ్ర, తెలంగాణల్లో వడగాల్పులకు కూలిపోయిన వందలాది మంది కూలీలు, వృద్ధులు ఆ చరిత్రలో బాకీదారులు కారు. ఉప్పాడ తీరంలో ఇళ్లు సముద్రంలో కలిసిపోతున్న మత్స్యకారులు కూడా కారు. వారి సంఘంలో నిరీక్షణ గురించి ప్రసంగించేవారు బాకీదారుల పేర్లు చెప్పకపోతే ఆ ప్రసంగం ఎవరి పక్షాన నిలిచినట్టు?

అయ్యగారు: బాకీదారుల పక్షానే. అందుకే లేవీయకాండంలోని సునాద సంవత్సరాన్ని, అంటే జూబిలీని, గుర్తుచేయవలసి వస్తుంది: యాభయ్యో ఏట అమ్ముడుపోయిన నేలలు సొంతదారుల కుటుంబాలకు తిరిగి రావాలి, దాసులు విడుదల పొందాలి. అది ఇశ్రాయేలులో ఎప్పుడైనా పూర్తిగా అమలైందా అని పండితులు సందేహిస్తారు. కాని అమలు కాని ఆ శాసనమే 1990ల చివర జూబిలీ 2000 అనే ఉద్యమానికి పేరునూ ప్రాణాన్నీ ఇచ్చింది. బ్రిటన్ సంఘాల చొరవతో ఎదిగిన ఆ ఉద్యమ ఒత్తిడి పేద దేశాల అప్పుల రద్దును సంపన్న దేశాల ఎజెండాలోకి తెచ్చింది, 2005లో గ్లెన్‌ఈగిల్స్‌లో అవి బహుపాక్షిక సంస్థలకు పేద దేశాలు పడిన బాకీల మాఫీకి ఒప్పుకొన్నాయి. చెల్లింపుకు నోచుకోని పాత పత్రం బయటకు తీసి చదివితే పని చేయగలదని ఇది చూపుతున్నది. 2015లో పోప్ ఫ్రాన్సిస్ వెలువరించిన లౌదాతో సీ అనే లేఖ, పర్యావరణం విషయంలో ఉత్తరాది దేశాలు దక్షిణాది దేశాలకు బాకీపడ్డాయని సూటిగా చెప్పింది. కాలుష్య పరిమితులను కొనుక్కునే కార్బన్ క్రెడిట్ల వ్యాపారం ధనికులు తమ తీరు మార్చుకోకుండా ఉండటానికి సాకు కావచ్చని హెచ్చరించింది. నిరీక్షణ బాకీని మరపించవలసినదైతే పోప్ ఆ మాటలు రాసి ఉండేవాడు కాడు.

అప్పుల ఘట్టంలో అయ్యగారి వాదానికి అత్యంత బలం చేకూరింది. అమలు చేసే అధికారి లేని శాసనం కూడా జనం నోట నానితే ప్రభుత్వాలను కదిలించగలదన్నది వాతావరణ న్యాయానికీ వర్తిస్తుంది. వనువాటులో దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు 2019లో ఎత్తుకున్న కోరిక 2023లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభను, దాని ద్వారా అంతర్జాతీయ న్యాయస్థానాన్ని చేరింది. వాతావరణాన్ని కాపాడటం రాజ్యాల న్యాయబాధ్యత అనీ, దానిని ఉల్లంఘిస్తే పరిహారం వరకూ వెళ్లవచ్చనీ న్యాయస్థానం 2025 జులై 23న సలహా అభిప్రాయం చెప్పింది. అది కట్టుబడి తీరవలసిన తీర్పు కాదు, అయినా పారిస్‌లో తలుపు మూసినచోట అది ఒక తలుపు తెరిచింది. న్యాయవాది ఈ ఉదాహరణను తన పక్షానికి తీసుకుంది. నిజానికి ఇది ఇద్దరికీ ఉపయోగపడేదే.

న్యాయవాది: అయితే ఒక క్రమం ఉండాలి. కాలుష్యం చేసిన దేశాల సంఘాలు నిరీక్షణ గురించి మాట్లాడే ముందు ఒప్పుకోలు, ఆ తర్వాత చెల్లింపు జరగాలి. ఈ షరతును విశ్వాసం అంగీకరిస్తుందా?

అయ్యగారు: లూకా సువార్తలో జక్కయ్య కథ ఆ క్రమాన్నే చెప్తుంది. ఆస్తిలో సగం బీదలకు ఇస్తానని, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానని లెక్క చెప్పిన తర్వాతనే ఆ ఇంటికి రక్షణ వచ్చిందన్న ప్రకటన వెలువడింది. సంఘాల్లో కొన్ని ఆ లెక్కను తమ ఖజానా నుంచే మొదలుపెట్టాయి: శిలాజ ఇంధన సంస్థల్లో పెట్టుబడులు పెట్టరాదని ప్రపంచ క్రైస్తవ సంఘాల మండలి 2014లో నిర్ణయించింది, ఇంగ్లండ్ సంఘ ఆస్తులను చూసే కమిషనర్లు పెద్ద చమురు సంస్థలతో కొన్నేళ్లు నచ్చజెప్పి చూసి, 2023లో వాటి నుంచి తప్పుకున్నారు. ఇది చాలదు. కాని షరతు బాకీదారులకే వర్తించాలి, తువాలు సంఘాలకు కాదు. ముంపులో ఉన్నవారిని, ధనికులు చెల్లించేదాకా నిరీక్షించవద్దనడం వారికి మిగిలినదానిని కూడా తీసుకోవడమే అవుతుంది.

న్యాయవాది: వారి నిరీక్షణను ఎవరూ తీసుకోనక్కర లేదు. కాని దీవిలోనే ఉండిపొమ్మని బోధించేవారు, ప్రయాణానికి పేరు రాయించుకున్నవారిని అవిశ్వాసులుగా చూసేవారు ఉంటే వారికి యిర్మీయా ఏం చెప్తాడు?

అయ్యగారు: పొలం కొన్న ప్రవక్తే బబులోనుకు చెరపోయినవారికి ఉత్తరం రాశాడు. అక్కడ ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, ఆ పట్టణ క్షేమం కోసం ప్రార్థించండి అన్నది దాని సారం. స్వదేశంలో పత్రం, పరదేశంలో తోట, రెండూ ఒకే చేతి పని. గడువు విషయంలోనూ ఆయన హనన్యాలా రెండేళ్లు అనలేదు, డెబ్బై అన్నాడు; ఆ ఉత్తరం విన్న పెద్దల్లో చాలామంది ఆ రోజును చూడబోరని ఆయనకు తెలుసు. 2050కి కొన్ని దేశాలు, 2070కి భారతదేశం ఉద్గారాలను నికరంగా సున్నాకు తెస్తామని పెట్టుకున్న గడువులు కూడా అలాంటివే, వాటిని రాసినవారు వాటి ఫలితం చూడరు.

న్యాయవాది: డెబ్బై ఏళ్ల గడువుకు ఎవరో ఒకరు మధ్యలో లెక్క చూస్తూ ఉండాలి. పారిస్ ఒప్పందం ప్రతి ఐదేళ్లకు ప్రపంచ మదింపు జరగాలంటుంది. ఒప్పందం పెట్టుకున్న లక్ష్యాల వైపు దేశాలన్నీ కలిసి ఎంతవరకు సాగాయో చూసుకోవడం దాని ఉద్దేశం. మొదటిది 2023లో దుబాయిలో ముగిసింది, రెండోది 2028లో ముగుస్తుంది. ఆ ఏడు ప్రతి దేశంలోని సంఘం తన దేశం ఇచ్చిన మాటను, చేసిన పనిని, ఇవ్వవలసిన సొమ్మును ఆదివారం ఆరాధనలో పైకి చదువుతుందా?

అయ్యగారు: చదవాలి. తెలుగు సంఘాల్లో చదవడానికి వీలుగా భారతదేశ లక్ష్యాల పత్రాన్ని తెలుగులోకి తెచ్చే పని ముందు మొదలుకావాలి. దానికి న్యాయం తెలిసినవారి సాయం కావాలమ్మా.